తెల్లబడిన కమానులు

ఆ ఉదయం బహదూర్‌పురా దారిలోని పాత హోటల్ వరండాలో మేస్త్రీ, నిచ్చెన, రెండు బర్రెలు, కొత్తగా సివిల్ ఇంజినీరింగ్ డిప్లొమా పూర్తిచేసిన నేను ఉన్నాం. ఒకప్పుడు ప్రయాణికులు దిగిన గదుల్లో అప్పటికి పాలవాళ్ల కుటుంబాలుండేవి. కమానుల పగుళ్లు పెరిగితే వాళ్లు ఖాళీ చేయాలి. అది తేల్చడానికే ఆరు నెలల కిందట పగుళ్లకు అడ్డంగా గాజుముక్కలు అతికించాను. గోడ కదిలితే గాజు పగులుతుంది.

తీరా చూస్తే కమానులన్నీ తెల్లగా మెరుస్తున్నాయి; గాజుముక్క ఒక్కటీ కనబడదు.

"సారు వస్తుండని నిన్ననే సున్నమేసినం," అంది పాలమ్మే అవ్వ సంబరంగా.

"మస్తు జేసినవ్ అవ్వా! సారు పరీక్ష పేపర్ మీదనే పూసినవ్," అని మేస్త్రీ నవ్వాడు.

"గట్లనా! ఇగ మేం పోవాల్నా బిడ్డా?"

గానుగలో రుబ్బిన డంగుసున్నంతో కట్టిన రెండడుగుల మందం గోడలవి. అవి కదిలి ఉంటాయన్న అనుమానం నాకు లేదు. నిచ్చెనెక్కి, తడిగుడ్డతో ఒక్కొక్క గాజుముక్కనూ తుడిచాను. అతికించినవి తొమ్మిది. పగలనివి తొమ్మిది.