సున్నపు తేట చేసిన ద్రోహం

మనిషి పరువు పరీక్షనాళికలో కరిగిపోవడం మీరెప్పుడైనా చూశారా? నాది కరిగింది, నలభైమంది పిల్లల ఎదుట.

తొంభైల చివర్లో డుంబ్రిగుడ దగ్గరి ఒక ఆశ్రమ పాఠశాలలో నేను కాంట్రాక్టు సైన్సు మాస్టారిని. తనిఖీకి వచ్చే అధికారి మెచ్చితేనే మరుసటి ఏడు ఉద్యోగం. కార్బన్ డయాక్సైడ్ తయారుచేసి చూపి ఆయన్ని మురిపించాలని కంకణం కట్టుకున్నాను. పాలరాతి ముక్కల మీద ఆమ్లం పోస్తే బుసబుసా పొంగింది. ఆ వాయువును గొట్టంతో సున్నపు తేటలోకి పంపాను. తేట పాలలా తెల్లబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అక్కడితో ఆగితే నేను నేనెలా అవుతాను? అధికారి జీపు ఇంకా ఘాట్ రోడ్డులోనే ఉందట. ఆయన వచ్చేసరికి ఇంకా చిక్కటి పాలవుతాయని మరికాస్త ఆమ్లం పోసి, గొట్టం తీయకుండా, దండ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అతి సర్వత్ర వర్జయేత్ అని పెద్దలు ఊరికే అనలేదు. వాళ్ళలో ఎవరో సున్నపు తేటలో గొట్టం పెట్టి మరిచిపోయే ఉంటారు.

అధికారి వచ్చి నాళిక చూశారు. "తెల్లబడిందేదండీ మాస్టారూ?"

లోపల నీళ్ళు తేటగా మెరుస్తున్నాయి. తెల్లబడింది నా మొహమే.

"ఇందాకటిదాకా పాలే సార్!"

"మరి తాగేశారా?"

ఉద్యోగం కొండ దిగి మా ఊరు సాలూరు బస్సెక్కుతున్నట్టే అనిపించింది. ఇంతలో టీ తెచ్చిన వంటమనిషి సుక్రమ్మ తొంగిచూసింది.

"ఏటి బాబూ, అలగున్నారు? బేగి ఆ నీలు కాయండి. మన ఊటనీలూ తేటగానే ఉంటాయి. మరిగిత్తే గుండిగ అడుగున తెల్లగా కడతాది. రోజూ నానే గీకుతన్నాను."

"సుక్రమ్మా, ఇది రసాయనశాస్త్రం, సాంబారు కాదు!" అని కసిరాను. ఆ మాటకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

"కాయండి మాస్టారూ" అన్నారు అధికారి.

దీపం మీద పెట్టాను. బుడగలు లేచాయి, వెనకే తెల్లదనం వచ్చేసింది. పిల్లలు "సుక్రమ్మా!" అని గోల.

"వాయువు ఎక్కువైతే ఆ తెలుపు కరిగిపోతుంది, కాస్తే తిరిగొస్తుంది" అన్నారాయన. "పాఠంలోనే ఉంది. పేజీ తిప్పలేదా?"

నివేదికలో ఇలా రాశారు: "కొనసాగించవచ్చు. మాస్టారికి శిక్షణ అవసరం, వంటశాలలో."

పాలరాయి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: తెల్లబడగానే గొట్టం తీస్తాను, పేజీ తిప్పనిదే ప్రయోగం చెయ్యను, సుక్రమ్మ మాటకి అడ్డం చెప్పను. శిక్షణంటారా, అదీ పూర్తిచేశాను. ఆ ఏడంతా ఆవిడ గుండిగ గీకింది నేనే.