జిగురాయన మూడో షీటు

పదకొండు గంటలకు టీ తాగే ఆచారం ఆ హెర్బేరియంలో ఎవరి ఏలుబడిలో మొదలైందో చెప్పడానికి శాసనాధారాలేవీ దొరకలేదు. ముప్పై ఒక్క ఏళ్లపాటు దానికి భంగం రాకుండా కాపాడిన ఘనత మాత్రం జిగురాయనది. ఈలోగా ఆరుగురు డైరెక్టర్లు మారారు, పైకప్పు రెండుసార్లు కురిసింది, లిఫ్టు ఒకసారి మనుషులతో సహా మధ్యలో ఆగింది. పదకొండయ్యేసరికి ఆయన కత్తెర కింద పెట్టి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, మెట్లు దిగేవాడు. బల్ల మీద పని ఏ దశలో ఉందన్నది ఆచారానికి సంబంధించిన విషయం కాదు.

హెర్బేరియమంటే ఎండబెట్టిన మొక్కల్ని దళసరి కాగితాలకు అతికించి బీరువాల్లో దాచే చోటు. అడవులు తిరిగి మొక్కలు తెచ్చేవాళ్లు వేరు, వాటికి పేర్లు పెట్టేవాళ్లు వేరు. మధ్యలో అతికించేవాడు ఈయన. ఎదురుగా అందరూ బాబాయ్ అనేవారు, చాటున జిగురాయన అనేవారు. ‘ఆయన అతికించింది ఏదీ ఊడదు, నాతో సహా’ అని భార్య చుట్టుపక్కల వాళ్లతో చెప్పేది. అది మెప్పో ఫిర్యాదో ఎవరూ తేల్చుకోలేదు.

ఆయన పనితనం పొడుగు మొక్కల దగ్గర బయటపడేది. షీటు పొడవు మూరెడు. మబ్బులు తగిలే కొండ అడవుల్లో పెరిగే చామంతి కుటుంబపు మొక్కలు కొన్ని మనిషెత్తు ఉంటాయి, కొసన గుత్తులుగా పసుపుపచ్చని పూలతో. మడతలు పడి వచ్చిన అలాంటి మొక్కను ఆయన మడతల దగ్గర కోసి, పూలున్న కొసను మొదటి షీటు మీద, నడుమును రెండోదాని మీద, కాళ్లను మూడోదాని మీద అతికించేవాడు. కోసిన చోట ఒక సన్న కాగితపు పట్టీ వేసేవాడు. కోత బయటికి కనిపించడమంటే ఆయనకు చొక్కా గుండీ ఊడి సభలో నిలబడ్డట్టే.

రిటైరవడానికి నెల ఉందనగా డాక్టరమ్మ కిందికి దిగి వచ్చింది. పసుపుపచ్చ పూల మొక్కల మీద పన్నెండేళ్లుగా పనిచేస్తున్న శాస్త్రవేత్త ఆవిడ. మేడ దిగడమే అరుదు. రెండేళ్ల కిందట ఆయన అతికించిన మొక్క ఒకటి లోకానికే కొత్త జాతి అని చెప్పింది. పూలు చూస్తే మామూలు మొక్కలాగే ఉందట. నడుమున సన్నటి కోలాకులు. అడుగున మాత్రం చేటంతేసి గుండ్రటి ఆకులు. అలాంటిది ఎక్కడా ఎవరూ చూడలేదట.

“దీనికి మీ పేరే పెడుతున్నాను బాబాయ్. జిగురు అన్న మాటను లాటిన్‌లోకి తిప్పి. నేను చదివిన మొక్కలన్నీ మీ చేతి మీదుగా వచ్చినవే కదా.”

ఆ సాయంత్రానికి వార్త వీధి చివరి దర్జీ దాకా పాకింది. బావమరిది ఫోన్ చేసి, “బావా, అయితే ఇకనుంచి నిన్ను పశువులు మేస్తాయన్నమాట” అన్నాడు. ఆయన కూడా నవ్వాడు. ఆ ఇంట్లో ఆయన నవ్వగా విని చాలాకాలమైంది.

వారం తిరక్కుండా డాక్టరమ్మ తన వ్యాసంలో వేయబోయే బొమ్మ పంపింది: వేరు నుంచి పూవు దాకా నిలువెత్తు మొక్క. చూస్తూ చూస్తూ ఆయన మొహం వాడిపోయింది. బొమ్మ గీసినవాడు నడుముకూ కాళ్లకూ మధ్య కాండాన్ని నమ్మకంగా సన్నబరిచాడు. కోసిన చేతికి మాత్రం ఆ నున్నదనం మింగుడు పడలేదు.

బీరువా తీసి, రెండో షీటు అడుగునా మూడో షీటు పైనా ఉన్న పట్టీలను తడిపి ఎత్తాడు. నడుము కోత పెన్సిలంత. కాళ్ల కోత బొటనవేలంత.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు బల్ల మీద అలాంటివి రెండు మొక్కలున్నాయి. రెండూ కోశాడు, ఆరు ముక్కలయ్యాయి, పదకొండయింది. తిరిగొచ్చేసరికి ఎవరో ఫ్యాను వేశారు. ముక్కలన్నీ నేల మీదున్నాయి. కొసల్నీ నడుముల్నీ గుర్తుపట్టాడు. కాళ్ల దగ్గర ఊహించాడు. రెండో మొక్క ఇంకా ఎవరూ తెరవని కట్టలో ఉంది. వెతికి తీస్తే దాని కింద పెన్సిలంత కాలు అతికి ఉంది.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. వ్యాసం శుక్రవారం అచ్చుకు వెళ్తుంది. గురువారం అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే భార్య గట్టిగా అడిగింది. చెప్పాడు.

“ఆవిడకి తెలుస్తుందా?”

“నా పట్టీ ఎత్తి ఎవరు చూస్తారు?”

“మరి మీరెందుకు చూశారండీ?”

ఆయన కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. బావమరిదికి ఏం చెప్పుకోవాలో అన్న దిగులు ఇద్దరి మొహాల్లోనూ ఉంది.

శుక్రవారం పొద్దున్నే షీట్లన్నీ పట్టుకుని మేడెక్కాడు.

“డాక్టరమ్మా, ఆ కాళ్లు దానివి కావు. తప్పు నాది.”

ఆవిడ భూతద్దం తీసుకుని నాలుగు కోతలనూ జతలు మార్చి మార్చి చూసింది. ఆయన నిలబడే ఉన్నాడు.

చివరికి, “పన్నెండేళ్లుగా వీటినే చూస్తున్నాను బాబాయ్. నాకెందుకు కనపడలేదు?” అంది. గొంతులో కోపం లేదు. ఉంటే ఆయనకు తేలికయ్యేది. తర్వాత అటు తిరిగి, అచ్చు ఆపమని ఫోన్ చేసింది. ఆ ఫోన్ పెట్టేశాక కూడా ఇటు తిరగలేదు. షీట్లు అక్కడే వదిలి ఆయన మెట్లు దిగాడు.

మధ్యాహ్నం ఆవిడ అసలు కాళ్లు జతచేసి మొక్కను పోల్చుకుంది. ఆ కొండల్లో దారి పొడుగునా పెరిగేదే అది. ఐదో బీరువాలో దానివి అప్పటికే నలభై ఆరు షీట్లున్నాయి.