బావి బాలి పేరు మీద వచ్చిన మెయిల్

చనిపోయిన మనిషికి మధ్యాహ్నం మూడు గంటలకు మెయిల్ వచ్చింది. చదివి వినిపించింది మా పక్క కొట్టు ఫజిలత్. విన్నది నేను. నా పేరు సవరమ్మ. ఇల్లందు బస్టాండ్ వెనక సందులో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. చర్చిలో పాస్టరుగారు దయ్యాల సంగతి చెబుతున్నప్పుడు కూడా ముందు వరుసలోని ఆమె జాకెట్టు ఎవరు కుట్టారా అని చూస్తుంటాను. అయినా ఆ రోజు మెషిన్ మీద నుంచి కాలు తీసేశాను.

"బావి బాలి గారూ, మీ చెల్లింపుల ఖాతాలో అనుమానం వచ్చే పని జరిగింది. ఇరవై నాలుగు గంటల్లో కింద నొక్కి, ఇది మీరేనని రుజువు చేసుకోకపోతే ఖాతా మూసేస్తాం" అని ఉంది అందులో. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఫజిలతే తెలుగు చేసి చెప్పింది.

బాలి పోయి అప్పటికి ఎనిమిది నెలలు. మట్టికి మేమిద్దరమూ వెళ్లి వచ్చాం.

ఫజిలత్‌ది ఆన్‌లైన్ సెంటర్. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, కరెంటు పోయిన ప్రతిసారీ తిట్లు తినే ఒక బ్యాటరీ. మనిషి మహా కోపిష్టి. ఫారం మీద సంతకం వంకరగా పెట్టారని పెద్ద మనుషుల్ని కూడా చిన్నపిల్లల్లా నిలబెట్టి మళ్లీ పెట్టిస్తుంది. చదువు రానివాళ్ల కాగితం చదివిపెట్టినందుకు మాత్రం ఎవరి దగ్గరా రూపాయి తీసుకోదు. అందుకని అడవి అంచు తండాల వాళ్లు బస్సు దిగి, మూడు సెంటర్లు దాటుకుని ఈమె దగ్గరికే వస్తారు. ఫజిలత్ పంపిందంటే చాలు, ఏ ఇంటి తలుపైనా తెరుచుకుంటుంది. ఆమె సంపాదించుకున్నది ఏదైనా ఉందంటే అదే.

రెండేళ్ల కింద గుట్టకింది తండా ఆడవాళ్లు అడ్డాకులతో విస్తళ్లు కుట్టి హైదరాబాద్ వ్యాపారికి అమ్మడం మొదలుపెట్టారు. డబ్బు ఫోన్లోకే వేస్తానన్నాడతను. ఎవరికీ ఖాతా లేదు, మెయిల్ అసలే లేదు. ఫజిలత్ ఒక ఆదివారం ఇల్లిల్లూ తిరిగి అందరికీ ఖాతాలు తెరిచింది. ఫోన్ నంబరు వాళ్లది, మెయిల్ మాత్రం అందరికీ తనదే పెట్టింది. ఇంకో చిక్కు వచ్చింది. తండా అంతా ఒకటే ఇంటిపేరు. బాలీలు నలుగురు, జమ్లీలు ముగ్గురు. కలిసిపోకుండా ఒక్కొక్కరి పేరు ముందు ఒక గుర్తు రాసుకుంది. ఇంటి పక్క బావి ఉంటే బావి బాలి, మేకలుంటే మేకల జమ్లి, గుట్ట మీద ఉండే పెద్దావిడ గుట్ట భీమక్క. ఆ గుర్తులతో ఫజిలత్ తప్ప వాళ్లని ఇంకెవరూ పిలవరు. వాళ్లు కూడా ఆమె కొట్టుకొచ్చినప్పుడు "నేను మేకల జమ్లిని" అని నవ్వుతూ చెప్పుకునేవారు.

కాబట్టి మెయిల్లో చచ్చిపోయిన మనిషి పేరుండటం కంటే, ఆ గుర్తు ఉండటమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఫజిలత్ భయపడలేదు. నన్ను లోపలికి పిలిచి తెర మీద వేలు పెట్టి చూపించింది.

"సూడు అక్కా. పేరు కంపెనీది పెట్టిండు, అడ్రస్ సూస్తే వేరే ఎక్కడిదో. కంపెనోళ్లు గిట్ల ఇరవై నాలుగు గంటలని తరమరు. లింకు నొక్కి పిన్ను కొట్టమని అడగరు. దొంగ మెయిల్ ఇది."

"మరి బావి అని వానికెట్ల ఎరుక?" అన్నాను.

ఆమె మెయిల్‌ను మళ్లీ మొదటి నుంచి చదివింది. "తీసేయ్ ఫజిలతూ, పీడ పోతది" అన్నాను నేనే. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఆమె తీసేసింది.

మర్నాడు సరిగ్గా మూడింటికి మేకల జమ్లి పేరు మీద వచ్చింది. ఆ మర్నాడు మూడింటికి వేపచెట్టు జమ్లి పేరు మీద. ఒకటే మాట, ఒకటే గడువు. పేరు మాత్రమే మారేది. మూడో రోజు మెయిల్ తీసేశాక ఫజిలత్ చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

"బావి, దాని పక్కన మేకల కొట్టం, దాటితే వేపచెట్టు" అన్నది. "అక్కా, ఆ ఆయితారం నేను నడిసిన దారి ఇది. వాడు గదే దారిల వస్తుండు. ఇంటెంక ఇల్లు."

నేను ఆ తండా చూశాను కాబట్టి నాకూ కళ్లకు కట్టింది. ఎండలో ఎవరూ లేని ఆ బాటలో ఒకడు మెల్లగా నడుస్తూ రోజుకు ఒక గుమ్మం ముందు ఆగుతున్నాడు. వాడి మొహం ఎంత తలుచుకున్నా నాకు రాలేదు. ఆ రాత్రి లైటు వేసుకునే పడుకున్నాను.

నాలుగో రోజు పొద్దున్నే మేకల జమ్లి కొట్టుకొచ్చింది. బియ్యం కొందామని చూసుకుంటే ఫోన్లో డబ్బేమీ లేదట.

"మొన్న నువ్వు అడిగిచ్చినవ్ గద ఫజిలతమ్మా, నంబర్. చెప్పిన గద" అన్నది.

ఫజిలత్ చేతిలో కాగితాలు పక్కన పెట్టింది. "నేనెవ్వలితోని అడిగిచ్చలేదు జమ్లీ."

"మేకల జమ్లివేనా అన్నడు. గట్ల నువ్వు తప్ప ఎవరంటరు? నువ్వు పంపినోడే అనుకున్న. ఫోన్ల నంబరొచ్చింది, సదివిచ్చి చెప్పిన."

అప్పుడు తెలిసింది మాకు. మెయిల్ ఫజిలత్‌కు వస్తే, అదే సమయానికి ఫోన్ తండాకు పోతోంది. ఇక్కడ మేం మెయిల్ తీసేసి పీడ వదిలిందనుకుంటున్నాం. అక్కడ వాడు గుర్తు పెట్టి పిలుస్తున్నాడు. ఏ గుర్తయితే వాళ్లకి నమ్మకమో, దాన్నే పట్టుకుని పిలుస్తున్నాడు. వేపచెట్టు జమ్లి ఆ వేళ ఆకుకు పోయి ఫోన్ తీయలేదని మేకల జమ్లే చెప్పింది.

ఫజిలత్ పందొమ్మిది వందల ముప్పైకి ఫోన్ చేసింది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరది. అవతల ఒకామె ఓపికగా మాట్లాడింది. జమ్లి ఖాతా వివరాలు, డబ్బు ఎప్పుడు పోయిందో రాసుకుంది. మెయిళ్లు తీసెయ్యలేదు కదా అని అడిగింది. తీసేశాం. చెత్తబుట్టలో ఇంకా ఉంటాయి, వెనక్కి తెచ్చి ఫొటోలు తీసి ఫిర్యాదుకు జత చేయమంది, ఖాతాల కంపెనీకి కూడా పంపమంది. ఆ తర్వాత, "ఈ పేర్లు, గుర్తులున్న లిస్టు వాళ్లకెట్లా చేరింది?" అని అడిగింది.

నేనైతే తెలియదనేదాన్ని. ఫజిలత్ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మూడు వారాల కింద సెంటర్ ఖాతాను ధ్రువీకరించుకోమని ఒక మెయిల్ వచ్చింది. స్కాలర్‌షిప్ ఫారాల కోసం పిల్లలు బారులు తీరి ఉన్నారు. ఆ హడావిడిలో నొక్కి, తన మెయిల్ పాస్‌వర్డ్ కొట్టింది. పేజీ తెల్లగా అయిపోయింది. నెట్ పోయిందనుకుని నెట్‌ను తిట్టి మరిచిపోయింది. తండా లిస్టు తన మెయిల్ ఖాతాలోనే దాచి ఉంది. లింకులు నొక్కొద్దని బజారంతా తిరిగి చెప్పే మనిషి, తానే నొక్కింది.

"ముందు మీ మెయిల్ ఇంకా ఎక్కడ తెరిచుందో చూడండి" అన్నది అవతలి ఆమె.

ఫజిలత్ ఆ పేజీ తెరుస్తుండగానే పక్కన ఒక కొత్త మెయిల్ వచ్చింది, కరెంటు బిల్లుది. చదవని మెయిల్ లావు అక్షరాల్లో ఉంటుంది, తెరిస్తే సన్నబడుతుంది. ఆ మాత్రం నాకూ తెలుసు. మేం దాన్ని ముట్టుకోలేదు. ఫజిలత్ చేయి ఒళ్లో ఉంది. మా ముగ్గురి కళ్ల ముందే ఆ అక్షరాలు సన్నబడ్డాయి.

లోపల ఎవరో కూర్చుని ఉన్నారు. మేం చూస్తున్నప్పుడే వాడూ చూస్తున్నాడు. జమ్లికి ఏం జరిగిందో అర్థం కాకపోయినా నా చెయ్యి పట్టుకుంది. ఫజిలత్ గబగబా వాణ్ని బయటికి తోసి పాస్‌వర్డ్ మార్చింది. అవతలి ఆమె మాత్రం ఒక మాట చెప్పింది: లిస్టు వాడి దగ్గరే ఉంటుంది, ఎవరైనా నమ్మి తమంతట తాము నంబరు చెబితే ఎవరూ ఆపలేరు.

ఆ రోజు మూడింటి వంతు ఎవరిదో ఫజిలత్ వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. వేపచెట్టు తర్వాత దారి గుట్ట ఎక్కుతుంది. గుట్ట భీమక్క. విస్తళ్ల సంఘం పెద్ద. అందరి ఉమ్మడి సొమ్ము ఆమె ఖాతాలోనే ఉంటుంది.

"ఫోన్ చేసి చెప్పు" అన్నాను.

"ఫోన్ల చెప్తే నాకూ వానికీ ఫరకేంది అక్కా?" అని షట్టర్ దించింది. ఆమె ఒక్కతే పోతే నాకు మనసొప్పలేదు. జమ్లితో పాటు నేనూ ఆటో ఎక్కాను.

ఆ తండాలో సిగ్నల్ గుట్ట మీద తప్ప ఇంకెక్కడా అందదు. అందుకని భీమక్క ఇంటి ముందు రెండు గుంజలకు తీగ కట్టి, ఎవరి ఫోన్ వాళ్లు గుడ్డ సంచిలో వేసి దానికి తగిలిస్తారు. మోగితే భీమక్క కేకేసి పిలుస్తుంది. మేం పోయేసరికి రెండు దాటింది. ఆకు తెచ్చిన ఆడవాళ్లు తీగ కింద కూర్చుని విస్తళ్లు కుడుతున్నారు. గాలి లేదు. సంచులు కదలకుండా వేలాడుతున్నాయి.

ఫజిలత్ నిలబడే చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "మీ పేర్లు, మీ గుర్తులు నా దగ్గర్నుంచే పోయినయ్. నేనే తాళం తీసిచ్చిన. జమ్లి పైసలు నా తప్పుతోనే పోయినయ్."

పుల్ల గుచ్చుతున్న చేతులు ఆగిపోయాయి. ఫజిలత్‌ను ఆ తండాలో ఎవరైనా అలా చూడటం నేను మొదటిసారి చూశాను. తిట్టినా బాగుండేదనిపించింది.

బాలి భర్త గోపాలు వెనక నుంచి అన్నాడు. "నాక్కూడ చేసిండు. బావి బాలి ఉన్నదా అన్నడు. బాలి మన్నుల ఉన్నది అన్న. పర్లేదు, ఆమెతోనే మాట్లాడాలె, పిలువుండ్రి అన్నడు." బావి వైపు చెయ్యి చూపించాడు. "నేను ఇంట్లకు తొంగి సూసిన తల్లీ. పిలిస్తే వస్తదేమో అనిపిచ్చింది."

మూడయింది. మూడో సంచి, భీమక్కది, మోగింది.

భీమక్క లేచి ఫోన్ తీసింది. స్పీకర్ పెట్టమని ఫజిలత్ సైగ చేసింది. మగ గొంతు. మెత్తగా, మర్యాదగా ఉంది. మన పక్కింటి వాడన్నా నమ్మేలా ఉంది.

"గుట్ట భీమక్కేనా? ఫజిలత్ అక్క చెయ్యమన్నది."

భీమక్క ఎదురుగా ఉన్న ఫజిలత్‌ను చూసింది. "ఫజిలత్ యాడున్నది బిడ్డా?"

"షాపులనే ఉన్నది. ఇగో, నా పక్కనే కూసున్నది."

ఆ ఒక్క క్షణం, మా ముందు నిలబడ్డ ఫజిలత్ ఎవరు, కొట్లో కూర్చున్న ఫజిలత్ ఎవరు అని నాకే అనుమానమొచ్చింది. భీమక్క చూపు ఇంకా ఆమె మీద నుంచి తిరగలేదు. సంఘం సొమ్మంతా ఆ చూపులోనే ఉంది. ఫజిలత్ నోరు మెదపలేదు. నమ్మమని అడిగే హక్కు తనకు లేదనుకుందేమో.

"అయితె ఆమెనే రమ్మను. ఎదురుంగ అడుగుమను" అని భీమక్క ఫోన్ కట్ చేసింది.

వెంటనే పక్క సంచి మోగింది. ఎవరూ తీయలేదు. అది ఆగగానే దాని పక్కది. తీగ ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒక్కొక్క సంచీ మోగి ఆగుతూ పోయింది. బాలి ఫోన్ కూడా మోగింది. గోపాలు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

అన్నీ ఆగాక ఫజిలత్ వాళ్లకి ఒకటే మాట చెప్పింది. "గుర్తు పెట్టి ఎవ్వలు పిలిచినా నమ్మకుండ్రి. నేను చేసినా సరే, నా గొంతే ఉన్నా సరే, ఫోన్ల ఏం చెప్పకుండ్రి." ఒక్కొక్కరి చేత తిరిగి చెప్పించుకుంది, ఫారం మీద సంతకం పెట్టించుకున్నట్టే.

పది రోజులకు ఫిర్యాదు వాళ్ల దగ్గర్నుంచి కబురొచ్చింది. జమ్లి సొమ్ములో కొంత దొంగ ఖాతాలోనే ఆపగలిగారట, కాగితాలిస్తే తిరిగొస్తుందట. ఫజిలత్ మొహం ఎన్నాళ్లకో వెలిగింది. ఆ సంబరంలో ఉన్నపళంగా భీమక్కకు ఫోన్ కలిపింది. నేను గుమ్మంలోనే ఉన్నాను.

"భీమక్కా, నేను ఫజిలత్‌ను. మేకల జమ్లిని జరంత పిలువు. మంచి మాట చెప్పాలె."

"వాడు గూడ గట్లనే అన్నడు" అన్నది భీమక్క. ఫోన్ పెట్టేసింది.

ఫజిలత్ ఇంకోసారి కలిపింది. మోగింది, ఎవరూ తీయలేదు. మూడోసారీ తీయలేదు.

"మంచిగ నేర్సుకున్నరక్కా" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఫిర్యాదు ఫోన్లో తప్పు ఒప్పుకున్నప్పుడు, తండా ముందు ఏడవని మనిషి. నాకూ ఆగలేదు. తర్వాత లేచి కాగితాలు సంచిలో పెట్టుకుని, తండాకు బస్సు ఎన్నింటికని అడిగింది. పన్నెండున్నరకు ఉందని చెప్పాను.