సమాధానం కావాలని రాశాను

మా తమ్ముడు బౌలింగ్ బాగా వేసేవాడు. ఈ అరబ్బు దేశంలో, మబేలా అనే చోట ఏసీలు బాగుచేసే పని వాడిది. శుక్రవారం తెల్లారగానే, ఎండ ముదరకముందే, వాళ్ళ రూముల వెనక కంకర నేల మీద టెన్నిస్ బంతితో మ్యాచ్‌లు ఆడేవాళ్ళు. నేను ఖురంలో ఒకరింట్లో వంటపని చేస్తాను. శుక్రవారం నాకు సెలవు. పొద్దున్నే బయల్దేరి కాసేపు వాడి ఆట చూసి, తర్వాత ఇద్దరం కలిసి చర్చికి, మా మాటలో మందిరానికి, ఆరాధనకు వెళ్ళేవాళ్ళం.

వాడి రూములోనే నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకాయన ఉండేవాడు. సైట్లో కాంక్రీటు పోయడానికి చెక్కల అచ్చులు బిగించే షట్టరింగ్ కార్పెంటర్. నేను ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. ఆయన మంచం దగ్గర గోడకు ఆంజనేయస్వామి పటం ఉండేది. అయినా క్రిస్మస్ వస్తే మందిరంలో బిర్యానీ వండడానికి మాతోపాటు వచ్చి, కళ్ళు తుడుచుకుంటూ బస్తాడు ఉల్లిపాయలు కోసేవాడు. "మీ దేవుని కోసం నేను ఏడుస్తున్న చెల్లె, జర యాదుంచుకోమని చెప్పు" అనేవాడు. మా తమ్ముడికి ఇక్కడ సొంత అన్నలాంటివాడు ఆయన.

ఆయన కుడిచేతి మీద ఒకసారి సైట్లో ఇనుప ప్లేటు జారిపడింది. చిన్న దెబ్బేనని చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయాడు. కానీ చిటికెన వేలు, దాని పక్క వేలు ఆ తర్వాత పూర్తిగా ముడుచుకోలేదు. కంపెనీకి తెలిస్తే కార్పెంటర్ పని తీసేస్తారని ఆయన భయం. గ్లౌజు వేసుకుని సుత్తి పట్టుకుంటూ నెట్టుకొచ్చాడు. ఆ సంగతి ఒక్క మా తమ్ముడికే చెప్పాడు. అప్పట్లో నాకు కూడా తెలియదు.

ఆ ఏడు వాళ్ళ జట్టు ఫైనల్‌కు వచ్చింది. అవతలి జట్టు కెప్టెన్ ఎవరంటే, అన్న పనిచేసే కంపెనీలోనే ఫోర్‌మన్, కడప మనిషి. ఆఖరి బంతికి వాళ్ళకు రెండు పరుగులు కావాలి. బంతి మా తమ్ముడి చేతిలో ఉంది. వాడు వేశాడు, అవతలివాడు గాల్లోకి లేపాడు. బంతి తిన్నగా అన్న మీదికి దిగింది. ఆయన కదలాల్సిన పని కూడా లేకపోయింది. రెండు చేతులూ చాపాడు. బంతి చేతుల్లో పడి, వేళ్ళ మధ్యనుంచి కిందికి జారింది. ఆయన వంగి తీసేలోపు వాళ్ళు రెండు పరుగులూ తీసేశారు.

అవతలివాళ్ళు ఈలలు వేస్తున్నారు. మా తమ్ముడు పిచ్ మధ్యలో నిలబడి గొంతు చించుకున్నాడు.

"వేళ్ళు ముడుచుకోనోడివి ఫీల్డింగ్‌కి ఎందుకొచ్చావు? ఆ సచ్చిన చెయ్యేసుకుని రూములో కూర్చోవచ్చుగా."

ఈలలు ఆగిపోయాయి. ఫోర్‌మన్ తలతిప్పి అన్న చేతివైపు చూశాడు. అన్న ఆ చేతిని ప్యాంటు జేబులో పెట్టుకుని రూముకు నడిచి వెళ్ళిపోయాడు.

మర్నాడు సైట్లో ఫోర్‌మన్ ఆయన్ని పిలిచి పిడికిలి బిగించి చూపించమన్నాడట. వారం తిరక్కుండానే కార్పెంటర్ పనిలోంచి తీసి, హెల్పర్‌గా దూరంగా ఖబూరాలోని సైట్‌కు పంపేశారు. మా తమ్ముడు డ్యూటీలో ఉన్నప్పుడు ఆయన సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. వాడు తిరిగొచ్చేసరికి గోడ మీద పటం లేదు.

మా మందిరంలో నెలకోసారి బల్ల ఇస్తారు. ప్రభువును తలుచుకుంటూ రొట్టె ముక్క, ద్రాక్షరసం తీసుకోవడాన్ని మేము బల్ల అంటాం. ముందుగా మా పాస్టరు అయ్యగారు హెచ్చరిస్తారు, మనసులో ఎవరితోనైనా కలత ఉంటే వెళ్ళి సమాధానపడి రమ్మని. ఆ శుక్రవారం నేను ఆడవాళ్ళ వైపు కూర్చుని చూస్తున్నాను. పళ్ళెం మా తమ్ముడి దగ్గరికి వచ్చింది. వాడు దాన్ని అందుకుని, ఏమీ తీసుకోకుండా పక్కనున్న మనిషికి ఇచ్చేశాడు.

బయటికి వచ్చాక చెప్పుల దగ్గర అడిగాను. అప్పుడు చెప్పాడు చేతి సంగతంతా.

"ఓడిపోయామని కోపం వచ్చిందక్కా, అంతే. ఆయన నమ్మి చెప్పిన మాట అందరిలో అరిచేశాను. ఫోన్ చేస్తే ఎత్తట్లేదు."

నువ్వు రాస్తే చూస్తాడేమో అన్నాడు. నాకు అక్షరాలు వచ్చింది ఈ దేశం వచ్చాకే. మందిరంలో ఆడవాళ్ళు బైబిలు ముందు పెట్టి నేర్పారు. అందుకే నాకు తెలిసిన రాతమాటలన్నీ అక్కడివే. ఆ గేటు దగ్గరే కూర్చుని ఫోన్లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాను. "అన్నా, వందనాలు. మా తమ్ముడికి నీ నుంచి సమాధానం కావాలి. సమాధానం లేక వాడు బల్ల దగ్గర కూర్చోలేకపోతున్నాడు. దయచేసి నీ సమాధానం ఇవ్వు."

సాయంత్రానికి ఆయన గొంతు రికార్డు చేసి పంపాడు.

"సమాధానం గావాల్నా చెల్లె? ఏం సమాధానం జెప్పాలె నేను? బాల్ చేతులకొచ్చింది, జారింది. ఎందుకు జారిందో నీ తమ్మునికి ఎర్కలేదా? నువ్వు గూడ నన్ను నిలవెట్టి అడుగుతవనుకోలే."

ఎందుకంత నొచ్చుకున్నాడో నాకు అర్థం కాలేదు. తమ్ముడికి వినిపించాను. వాడు పదో తరగతి దాకా చదివాడు. నేను రాసింది చదివి తల పట్టుకున్నాడు. మన మందిరంలో సమాధానం అంటే శాంతి, రాజీ. బయటివాళ్ళకు సమాధానం అంటే జవాబు. క్యాచ్ ఎందుకు వదిలావో జవాబు చెప్పమని అడిగినట్టయింది అన్నాడు. మళ్ళీ రాశాను. అది ఆయనకు చేరలేదు. నా నంబరు కూడా బ్లాక్ చేసేశాడు.

మరో శుక్రవారం ఆరాధన మానుకుని ఇద్దరం ఖబూరాకు బస్సెక్కాం. చేపల పులుసు డబ్బాలో పెట్టుకుని వెళ్ళాను. ఖర్జూర తోటల పక్కన ఏదో పెద్ద షెడ్డు కడుతున్నారు. సెలవు రోజైనా పని నడుస్తోంది. అన్న నేల మీద కూర్చుని, వాడేసిన చెక్కల్లోంచి మేకులు పీకుతున్నాడు. ఎడమచేత్తో పీకుతున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు, వెళ్ళిపొమ్మనీ అనలేదు.

ముందు నేను ఆ మాట గురించి చెప్పాను. మా మందిరంలో దానికి అర్థం వేరన్నా, నీతో మళ్ళీ కలవాలని రాశాను అన్నాను. ఆయన కాసేపు నా ముఖంలోకి చూసి నవ్వేశాడు.

"బల్ల దగ్గర కూసుంటలేడని రాస్తివి గద, బల్లంటే గీ చెక్కలనుకున్న. వీడు నా సైట్ మీదికొచ్చి బల్ల మీద కూసుంటడా, ఏంది కథ అనుకున్న."

నేనూ నవ్వాను. ఇంక గండం గడిచిందనుకున్నాను. తమ్ముడు ఆయన ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, "తప్పయిపోయిందన్నా, క్షమించు" అన్నాడు. అన్న ముఖంలో నవ్వు పోయింది. చేతిలోని మేకును డబ్బాలో వేశాడు.

"ఓడిపోయినమని తిట్టినవనుకుంటే ఆ దినమే మర్చిపోతుంటి తమ్మీ. నా చెయ్యి నీకొక్కనికే చూపిచ్చిన. నా పెండ్లాంకు గూడ చెప్పలే."

అన్న ఇంకో మేకు పీకాడు.

"మాఫ్ జేసిన అని నోటితోని అనుడు అల్కగనే ఉంటది. లోపల అయితలేదు. అబద్ధం జెప్పుమంటవా, మీ దేవుని దగ్గర?"

"వద్దన్నా" అన్నాడు తమ్ముడు.

అన్న మాకు టీ తెప్పించాడు. పులుసు డబ్బా తీసుకున్నాడు. నా పనీ, ఇంటి దగ్గరున్న నా పిల్లల సంగతీ అడిగాడు. తమ్ముడిని ఏమీ అడగలేదు. బస్సు దాకా వచ్చాడు, నాకు నీళ్ళ సీసా ఇచ్చాడు. తమ్ముడు చెయ్యి చాపాడు. అన్న కుడిచెయ్యి జేబులోనే ఉంది. అది జేబులోంచి బయటికి రాలేదు. దారి పొడుగునా మా తమ్ముడు కిటికీకి తల ఆనించి ఏడుస్తూనే ఉన్నాడు. అన్న మీద కోపం తెచ్చుకుందామని నేను చాలా ప్రయత్నించాను. రాలేదు.

తర్వాత అయ్యగారికి అంతా చెప్పాం. నువ్వు వెళ్ళి అడిగావు కదా బాబూ, అడగడం వరకే నీ పని, ఇక బల్ల తీసుకో అన్నారాయన. మా తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

"ఆయన నా కోసం అబద్ధమాడలేనన్నాడు అయ్యగారూ. అంతా సరిపోయినట్టు నేనెలా తినను?"

అయ్యగారు వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

వాడిప్పుడు బంతి పట్టుకోవడం లేదు. ఆరాధనకు మాత్రం మానకుండా వస్తాడు. బల్ల రోజున పళ్ళెం వాడి చేతుల మీదుగా అవతలికి పోతుంది. నేను తీసుకుంటాను. తీసుకుని, ఆ రొట్టె ముక్క గొంతు దిగేదాకా మగవాళ్ళ వైపు చూడను.