రెండు ఊళ్లకు ఒకే సంతకం

ఈ వారమంతా మా వీధి కొళాయి నీళ్లు బ్లీచింగ్ వాసన కొడుతున్నాయి. వానలు మొదలయ్యాక నంద్యాలలో ఇది మామూలే, మున్సిపాలిటీవాళ్లు మందు కాస్త ఎక్కువ కలుపుతారు. నిన్న పొద్దున బియ్యం కడగబోయి ఆ వాసనకు చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మా ఇంట్లో ఇంకెవరూ దాన్ని పట్టించుకోరు. నాకు మాత్రం వెంటనే దస్తగిరన్న గుర్తుకొస్తాడు.

దస్తగిరన్నది ప్యాపిలి. నేను నంద్యాల డయాలసిస్ కేంద్రంలో చేరేనాటికి ఆయనకు యాభై దాటాయి. రోగులను మిషన్‌కు కలపడం, నాలుగు గంటలు కనిపెట్టుకుని ఉండటం, విడదీయడం నా పని. ఆ మిషన్లనూ, వాటికి నీళ్లు శుద్ధిచేసే ప్లాంటునూ చూసుకోవడం ఆయన పని. కేంద్రాన్ని నడిపేది గుత్తకు తీసుకున్న ఒక కంపెనీ. దానికి ఆళ్లగడ్డలో ఇంకో కేంద్రం ఉంది. రెండింటికీ కలిపి ఒకప్పుడు మిషన్లు చూసేవాళ్లు ముగ్గురుండేవారట. ఒకాయన బెంగళూరు పోయాడు, ఇంకొకాయన హైదరాబాదు పోయాడు. ఆ ఖాళీల కోసం అప్పుడప్పుడూ ఎవరో వచ్చేవారు. జీతం ఎంతో విని, మంచినీళ్లు తాగి, మళ్లీ కనిపించేవారు కాదు. మిగిలింది దస్తగిరన్న ఒక్కడే. పొద్దున నంద్యాల, మధ్యాహ్నం ఆళ్లగడ్డ. మధ్యలో సిరివెళ్ల మీదుగా మోటారు సైకిలు ప్రయాణం, ట్యాంకు మీద పనిముట్ల సంచి. తిండి ఎక్కడ తినేవాడో నాకు తెలియదు.

చేరిన మొదటి నెలలోనే నన్ను నీళ్ల ప్లాంటు గదిలోకి తీసుకుపోయి, బోర్లించిన బకెట్టు మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. అది నా ఉద్యోగంలో లేని పని. మిషన్ సంగతి తెలియకుండా మనిషిని దానికి కట్టేయకూడదన్నది ఆయన పట్టు. ఒక్కొక్క రోగికి ఒక పూటకు నూట ఇరవై లీటర్ల నీళ్లు పడతాయని, కొళాయి నీళ్లలోని మందును బొగ్గు ట్యాంకు పట్టి ఉంచుతుందని, బొగ్గు పాతబడితే పట్టదని చెప్పాడు. చిన్న సీసాలో నీళ్లు పట్టి నాలుగు చుక్కల పరీక్ష ద్రావణం వేసి చూపించాడు. నీళ్లు రంగు మారకపోతే మంచిది. పసుపు తిరిగితే ఆ పూట ఎవరినీ కలపకూడదు.

“తాగే నీళ్లల్లో మందుంటే కడుపు చూసుకుంటాదిమ్మా. ఈ నీళ్లు పల్చని పొరకు అవతల రక్తాన్ని రాసుకుంటా పోతాయి. ఈడ అడ్డం కడుపు ల్యాదు. నువ్వే ఉండావు” అన్నాడు.

ప్రతి షిఫ్టుకు ముందు ఆ పరీక్ష చేసి, మిషన్లు చూసే టెక్నీషియన్ పుస్తకంలో సంతకం పెట్టాలి. రెండు కేంద్రాల్లోనూ మొదటి షిఫ్టు ఆరింటికే. ఈ లెక్క నాకు చాలాకాలం తట్టలేదు. ఒక శనివారం ఆయన బల్ల ముందు కూర్చుని ఆళ్లగడ్డ పుస్తకంలో వరసగా సంతకాలు పెట్టుకుంటూ పోతున్నాడు. తొంగి చూస్తే అన్నీ రాబోయే వారం పేజీలు. ఇదేందన్నా అని అడిగాను. పెన్ను ఆపలేదు. అక్కడివాళ్లు చుక్కలు వేసి చూసి తనకు ఫోన్ చేస్తారని, పుస్తకం ఖాళీగా ఉంటే పైవాళ్లు ఒప్పుకోరని చెప్పాడు. మొదట్లో ఆ ఫోన్లు రోజూ వచ్చేవి. అక్కడి మనుషులు మానేసి కొత్తవాళ్లు వచ్చేకొద్దీ తగ్గిపోయాయి. అది ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. బొగ్గు మార్చాలని ఆయన రెండుసార్లు రాసిన కాగితాలకూ జవాబు రాలేదు.

ఆ రోజుల్లోనే నాకు కర్నూలులో ఒక ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చింది. జీతం దాదాపు రెట్టింపు. ఆయనకు చెప్పడానికి వారం రోజులు తడబడ్డాను. అంత ఒంటరిగా పనిచేసే మనిషిని వదిలి పోతున్నందుకు సిగ్గుపడ్డాను. చివరికి చెబితే, పని చేస్తూనే విని, చేతులు తుడుచుకుని నావైపు తిరిగాడు.

“పోమ్మా. నేను ఉండిపోయింది గొప్పతనం అనుకుంటాండావేమో. నాకు గట్టిగా అడగడం రాల్యా. జీతం పెంచండని రాల్యా, ఇంకో మనిషిని ఇయ్యండని రాల్యా. అడగనోడు ఒగడు దొరికినాక వాళ్లకు కొత్తోళ్లతో పనేముంది?”

మా అమ్మాయి చదువు ఏడాది మధ్యలో ఉందని, కర్నూలు పోవడానికి ఎండాకాలం దాకా ఆగుదామని అనుకున్నాను. ఆ లోపలే ఆళ్లగడ్డలో రోగులను కలిపే అమ్మాయి మానేసింది. పదిరోజులు నన్ను అక్కడ ఉండమన్నారు.

మూడో రోజు. ముందు రెండు రోజులూ వానలు. ఆరింటికే నలుగురు రోగులు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్లలో శెట్టిగారు ఒకరు, బజారులో కిరాణా కొట్టు ఆయనది. నీళ్లు ఒళ్లంతా పట్టి ఆయాసపడుతున్నారు, త్వరగా కలపమని తొందరపెడుతున్నారు. పుస్తకం తెరిచాను. ఆ రోజు పేజీలో దస్తగిరన్న సంతకం ఉంది. అది ఎప్పుడు పెట్టిందో ప్రపంచంలో ఇంకెవరికీ తెలియకపోయినా నాకు తెలుసు. చుక్కల సీసా అల్మారాలో ఉంది. పరీక్షకు రెండు నిమిషాలు చాలు. నేను తీయలేదు. నలుగురినీ కలిపేశాను.

ముప్పావు గంటకు శెట్టిగారు కడుపులో తిప్పుతోందన్నారు. బీపీ చూస్తుండగానే పక్క కుర్చీలో ఆమె నడుము పట్టేసిందని మూలిగింది. ఇద్దరికి ఒకేసారి ఏమిటి అనుకుంటూ ట్యూబుల వైపు చూశాను. రక్తం చిక్కదనం పోయి ద్రాక్షరసంలా ఉంది. పరుగెత్తి చుక్కలు వేశాను. సీసా నిండా పసుపు.

నాలుగు మిషన్లు ఆపి, క్లాంపులు బిగించాను. ట్యూబుల్లో మందు తగిలి చెడిన రక్తాన్ని తిరిగి ఎక్కించకూడదని గుర్తు పెట్టుకుని, అదే పనిగా పైకి చెప్పుకుంటూ తిరిగాను. డ్యూటీ డాక్టరు వచ్చాడు, ఆక్సిజన్ పెట్టారు, అంబులెన్సులు వచ్చాయి. దస్తగిరన్నకు ఫోన్ చేసి పసుపొచ్చిందన్నా అన్నాను. ఎంతమంది అని ఒక్క మాట అడిగాడు. ఆయన వచ్చేసరికి కుర్చీలు ఖాళీ. ప్లాంటు దగ్గరికి పోలేదు. పుస్తకం తెరిచి తన సంతకం వైపు చాలాసేపు చూశాడు.

నలుగురూ బతికారు. ముగ్గురికి రక్తం ఎక్కించారు. శెట్టిగారు నాలుగు రోజులు ఐసీయూలో ఉన్నారు. ఆ నాలుగు రోజులు నేను అన్నం తిన్న గుర్తు లేదు. ఐదోరోజు ఆయనను వార్డులోకి మార్చాక దస్తగిరన్నా నేనూ వెళ్లాం. నీళ్లు చూడకుండా తాను సంతకం పెట్టానని దస్తగిరన్న చెప్పాడు. చూడకుండా కలిపానని నేనూ చెప్పాను. శెట్టిగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. మేము లేవబోతుంటే అన్నారు: “మీరు చెప్పకపోయింటే నాకు తెలిసేది కాదు. ఇప్పుడు ఆ కుర్చీలో ఎట్ల కూసుంటానప్పా నేను?”

దస్తగిరన్న మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగాడు.

ఆరోగ్యశాఖ విచారణ నంద్యాలలో జరిగింది. దానికి ముందురోజు కంపెనీ మేనేజరు హైదరాబాదు నుంచి వచ్చి దస్తగిరన్నను పక్కకు పిలిచాడు. నీళ్లు తాను చూశానని, ఆ తర్వాత మున్సిపాలిటీ మందు పెరిగిందని, కలిపే ముందు నేను మళ్లీ చూసుకోవాల్సిందని ఆయన రాసిస్తే చాలు, ఉద్యోగం ఉంటుందన్నాడు. నాకు ఈ సంగతి తెలిసి రాత్రంతా భయపడ్డాను. అందులో నా గురించిన ముక్క నిజమే కదా.

మర్నాడు అధికారుల ముందు ఆయన నిలబడే మాట్లాడాడు.

“సంతకం నాది సార్. ఆ పొద్దు నేను ఆళ్లగడ్డలో ల్యాను. ఆ పొద్దే కాదు, శానా పొద్దులు ల్యాను. ల్యానిచోట పెట్టినా. ఒగ మనిషిని రెండూర్లకు పెట్టుకోని ఇద్దరి జీతాలు మిగిలించుకున్యారు. నేను నోరు మూసుకోని చేసినా. నలుగురి పానాల మీదికి వచ్చింది.”

మేనేజరు ఫోన్ వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నన్ను పిలిచారు. ఏడ్చి బతిమాలుకోవాలని ఇంటి దగ్గర అనుకుని వచ్చినదాన్ని, అది ముందే పెట్టిన సంతకమని తెలిసే కలిపానని చెప్పాను. నన్ను రెండు నెలలు పక్కన పెట్టారు. దస్తగిరన్నను తీసేశారు. ఒక్కొక్క కేంద్రానికి సొంత టెక్నీషియన్ ఉండాలని అధికారులు షరతు పెట్టడంతో, కంపెనీ జీతం పెంచి ఇద్దరిని తెచ్చుకుంది. పెంచిన ఆ జీతం దస్తగిరన్నకు ఏనాడూ అందలేదు.

ఆయన ప్యాపిలిలో బోరు మోటార్లు బాగుచేసుకుంటూ బతికాడు. ఒకసారి వెళ్తే, ఆ పని బాగుందని, మోటారు కాలిపోతే మోటారే పోతుందని అన్నాడు. రెండేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు. ఆ చావుకు ఆళ్లగడ్డ నుంచి శెట్టిగారు రాలేదు. రావాలని నేనూ అనుకోలేదు.

నేను కర్నూలు పోలేదు. మిషన్ల పని కూడా నేర్చుకుని పరీక్ష రాసి, ఇప్పుడు నంద్యాల కేంద్రంలో నీళ్లూ మిషన్లూ చూసేది నేనే. పోయిన నెల ఆళ్లగడ్డ టెక్నీషియన్ ఎక్కువ జీతానికి వెళ్లిపోయాడు. కొత్తవాళ్లు దొరికేదాకా రెండూ నన్నే చూడమని కాగితం వచ్చింది. ఇంటి అప్పు ఉంది, అమ్మాయి ఇంజనీరింగు చదువుతోంది. ఆ సాయంత్రమే జవాబు రాశాను. నేను లేనిచోట సంతకం పెట్టనని, మనిషిని ఇచ్చేదాకా అక్కడి రోగులను బండ్లలో నంద్యాలకు పంపమని, ఇక్కడ అదనపు షిఫ్టు చేస్తానని, దానికి వేరుగా జీతం ఇవ్వమని. పన్నెండు రోజులు అలాగే నడిచింది. అంతదూరం వచ్చిన రోగులు నన్ను ముఖం మీదే తిట్టారు. విన్నాను. పదమూడో రోజు ఆళ్లగడ్డకు మనిషి వచ్చాడు.

ఆ మధ్యలో ఒకరోజు మేనేజరు ఫోన్ చేశాడు. అప్పటాయనే. విసుగ్గానే మొదలుపెట్టి, ఇలా కాగితాలు రాయడం నీకెవరు నేర్పించారమ్మా అని అడిగాడు.

“దస్తగిరన్న సార్.”

“ఆయన్ని ఎప్పుడో తీసేశాం కదా.”

“నేర్పించినాకే తీసేసినారు సార్” అన్నాను.