గండికోటలో పెళ్లిచూపులు

"ఆ రోజుల్లో" అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు. కానీ పెళ్లికి ముందటి బతుకు తలచుకుంటే ఎవరికైనా అది ఎప్పటిదోలాగే ఉంటుంది కాబట్టి, మీరు కాస్త సర్దుకోవాలి. అప్పట్లో ఆదోనిలో ఒక పత్తి మిల్లు ఆఫీసులో పనిచేసేవాణ్ణి. సన్నగా, పొడుగ్గా, దూరం నుంచి చూస్తే ధైర్యవంతుడిలాగే ఉండేవాణ్ణి. దగ్గరికొస్తే, మిద్దె మీద ఆరేసిన బట్టలు తేవడానికి కూడా గోడ పట్టుకుని నడిచే రకం. ఈ సంగతి మా మామకు బాగా తెలుసు. తెలిసి కూడా, ఎమ్మిగనూరులో మగ్గాల మీద చీరలు నేయించే ఒకాయన కూతుర్ని నాకు చూడబోతూ, "మావోనికి కొండలెక్కేదంటే పానం. దసరా వస్తే దేవరగట్టు మీదనే ఉంటాడు" అని వాళ్లింట్లో చెప్పి వచ్చాడు. (దేవరగట్టుకు నేను ఒకేసారి పోయాను. కొండ కింద బొరుగులు తిని తిరిగొచ్చాను.)

ఆ మాట అమ్మాయి చెవిన పడింది. అయితే ఇంట్లో చూపులెందుకు, అందరం కలిసి గండికోటకే పోదామని వాళ్ల నాయనతో ఫోన్ చేయించింది. పెన్నా నది ఎర్రరాతి కొండను నిలువునా కోసుకుంటూ పోయిన చోటు అది. ఫోటోలో చూస్తేనే నాకు అరికాళ్లు జివ్వుమన్నాయి. మామ మాత్రం సంబరపడిపోయి కారు మాట్లాడాడు, మా నలుగురి కోసమే ప్రత్యేకంగా ఒక గైడును కూడా మాట్లాడాడు.

"మామా, ఆడ శానా లోతుంటాదంట."

"లోతుతో నీకేం పనిరా? నువ్వు పైన నిలబడు, సాలు."

తెల్లవారుతుండగా తండ్రీకూతుళ్లు ఆదోనికి వచ్చారు. నన్ను డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. అమ్మాయి కనబడుతుందేమోనని అద్దంలోకి చూసినప్పుడల్లా వాళ్ల నాయన మీసాలే కనబడ్డాయి. గుత్తి దాటేసరికి ఆ మీసాల్లో ప్రతి వెంట్రుకా నాకు పరిచయమైపోయింది.

కోట వాకిట్లో గైడు కలిశాడు. వినేది మేం నలుగురమే అయినా "సందర్శక మహాశయులారా!" అని ఊరంతటికీ వినబడేట్టు మొదలుపెట్టాడు. చరిత్రంతా కంఠస్థం. చిక్కేమిటంటే, మధ్యలో ఎవరైనా మాట్లాడితే మళ్లీ మొదటికి వచ్చేవాడు. మామకేమో నోరు ఊరుకోదు. "ఈడ టీ యాడ దొరుకుతాది?" అన్నాడు. గైడు ఓపిగ్గా విని, గొంతు సవరించుకుని, "సందర్శక మహాశయులారా!" అన్నాడు. ధాన్యాగారం దగ్గర ఇది మూడోసారి జరిగేసరికి అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వాగలేదు. ఇద్దరం ఒకళ్ల నవ్వును ఒకళ్లం చూసుకున్నాం. ఇంక పెళ్లయిపోయినట్టే అనుకున్నాను.

అప్పుడొచ్చింది లోయ.

"నూతన దంపతులు అంచునకు విచ్చేయండి, ఛాయాచిత్రం తీసెదను" అన్నాడు గైడు. "ఇంకా కాలేదప్పా" అని వాళ్ల నాయన అంటూనే ఉన్నాడు, అమ్మాయి మేకపిల్లలా బండల మీదుగా ముందుకు పోయింది. నేనూ నాలుగు బండలు దాటాను. ఐదో బండ తర్వాత భూమి లేదు. మోకాళ్లు నన్నడక్కుండానే కూర్చున్నాయి. కూర్చోవడమూ చాలలేదు, రాతిని రెండు చేతులా కరుచుకున్నాను.

"సూడన్నా, ఎంత బక్తో! పెన్నమ్మకు మొక్కుతాండాడు" అన్నాడు మామ.

నోరు మూసుకుని ఉంటే గండం గడిచేదేమో. కానీ అప్పటికి నాలో పరువు కూడా మిగల్లేదు. "మొక్కేదీ లేదు ఏమీ లేదు మామా! నాకు బయమేస్తాంది. ఎనక్కి తీస్కపో!" అని అరిచాను. అక్కడున్న జనమంతా సెల్ఫీలు ఆపి చూశారు.

అమ్మాయి వెనక్కి వచ్చింది. లోయకు వీపు పెట్టి నా ఎదురుగా కూర్చుంది. "కండ్లు మూసుకోవద్దండి, ఇంకా ఎక్కువైతాది. నన్ను సూడండి" అంది. చూశాను. (పెళ్లిచూపుల్లో అంత శ్రద్ధగా ఎవరూ చూసి ఉండరు. ఇటూ అటూ చూద్దామన్నా ధైర్యం లేదు.)

"మీరు కొండలెక్కుతారంటిరి?"

"నేను కాదండి. మా మామే, మాటల్తో ఎక్కిస్తాడు."

నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "నాకూ కొండల పిచ్చేం లేదు" అంది. "ఇంట్లో అయితే కాఫీ తీస్కొని వస్తూనే అందురూ నన్నే సూస్తారు. నడక, జుట్టు, రంగు. పోయినాక ఫోన్ చేసి వద్దంటారు. ఈడైతే అందురూ లోయను సూస్తారు, నా పాటికి నేనుంటాను అనుకుంటి."

"అంటే మీకూ బయమే."

"ఊఁ. కాకపోతే నాది ఇంట్లో ఉంటే వస్తాది."

ఒక్క క్షణం నా చేతులు రాతిని వదిలాయి. ఈలోగా వాళ్ల నాయన భుజం మీది తువ్వాలు తీసి ఒక కొస నాకిచ్చాడు. "పట్టుకోప్పా. పైకి లేయొద్దు, కూసునే రా" అన్నాడు. అట్లాగే ఒక్కో బండా జరుక్కుంటూ వచ్చాను. లేచి నిలబడ్డాక అమ్మాయి నా వెనకే, ఆనుకున్నంత దగ్గరగా నడిచింది. కారు దాకా అంతే. ఎంత అభిమానమో అని పొంగిపోయాను. కారెక్కబోతుంటే మామ చెవిలో చెప్పాడు: "ఒరేయ్, కొత్త ప్యాంటు ఎనక నిలువునా సినిగిపోయింది. ఆ పిల్ల అడ్డం రాకపోతే ఊరంతా సూస్తుండె."

తిరుగు దారిలో మామ నిద్ర నటించాడు. సంబంధం తప్పిపోయినట్టేనని మా ఇద్దరికీ అనిపించింది. మర్నాడు ఎమ్మిగనూరు నుంచి ఫోన్ వచ్చింది. "మా పాప సరేననింది. ఇంగ ముందుకు ఏమున్నా మీ మామ కాకుండా నువ్వే సెప్పల్లంట" అన్నాడు పెద్దాయన.

తర్వాత చాలాసార్లు గండికోటకు పోయాం. ఆమె మా కూతురి చెయ్యి పట్టుకుని అంచు దాకా పోతుంది. నేను గుడి మండపంలో చెప్పులకు కాపలా. ఆ లోయ అడుగున నీళ్లు ఏ రంగులో ఉంటాయో ఈనాటికీ నాకు తెలియదు. అక్కడ కూర్చున్నప్పుడు అప్పుడప్పుడూ ఆ పాత కుర్రవాడు కళ్లముందు మెదులుతాడు, రాతిని కరుచుకుని, చెమటలు కక్కుతూ. జాలేస్తుంది, నవ్వూ వస్తుంది. "లేయొద్దురా. ఇంకొంచేపు అట్లే ఉండు, ఆ పిల్ల వస్తాంది" అని వాడికి చెప్పాలనిపిస్తుంది.