లేని రోజును ఒప్పుకోవద్దన్న మాస్టారు

మా కంప్యూటర్ మాస్టారు పోయారని వాళ్ళావిడ ఫోన్ చేస్తే నాకు ముందు ఏడుపు రాలేదండీ, కోపం వచ్చింది. మరుసటి వారమే వట్లూరులో నా కంప్యూటర్ క్లాసు మొదలు. ప్రారంభించాల్సింది ఆయనే. ఆ తేదీ ఇచ్చిందీ ఆయనే.

ఏలూరులో ఒక మేడమీది గదిలో ఆయన మాకు వెబ్ పేజీలు చేయడం నేర్పారు. కొల్లేరు ఒడ్డు మనిషి. బస్సు దిగి, చొక్కా మీద దుమ్ము దులుపుకుని, బోర్డు మీద మూడు గళ్ళు గీసేవారు: రోజు, నెల, సంవత్సరం. ఫారం నింపేవాళ్ళు మూడూ విడివిడిగా ఇస్తారు. మేం వాటిని కలిపి ఒకే తేదీ చేయాలి. ఇంతేగా అనుకునేవాళ్ళం.

ఒకసారి పరీక్షించడానికి ఫిబ్రవరి ముప్పై ఇచ్చాను. కంప్యూటర్ కిమ్మనకుండా దాన్ని మార్చిలోకి జరిపేసింది. పనిచేసిందని నేను సంబరపడితే ఆయన నవ్వారు.

"దాని మర్యాద చూసి మోసపోకమ్మా. అదీ మన గోదావరి చుట్టం లాంటిదే, కాదని మొహం మీద చెప్పలేదు. కలిపినదాన్ని మళ్ళీ విడదీసి చూడు. నువ్విచ్చిన రోజే వచ్చిందా? రాకపోతే ఒప్పుకోకు. లేని రోజును ఒప్పుకున్నావనుకో, పాపం ఎవరో దానికోసం కాచుక్కూర్చుంటారు."

మనుషులతోనూ అంతే. చేపల చెరువు రైతొకాయన "మావాణ్ణి వచ్చే నెల చేరుస్తానండి" అంటే, "నెల చెప్పారు, బాగుంది. రోజేదండీ?" అని పట్టుకున్నారు. మాస్టారి దగ్గర రేపూమాపూ అంటే కుదిరేది కాదు.

అలాంటి మనిషి కదా అని నమ్మాను. నా క్లాసుకి పిలవడానికి ఇంటికి వెళితే బాగా చిక్కిపోయి ఉన్నారు. "షుగరమ్మా, ఏం లేదు" అన్నారు. లేచి వెళ్ళి క్యాలెండర్ మీద వేలు పెట్టి రోజు, నెల, సంవత్సరం మూడూ చెప్పారు. కొత్త మార్కరొకటి నా చేతిలో పెట్టి, "మూత నేనే తీస్తాను. ఆ మూడు గళ్ళూ నేనే గీస్తాను" అన్నారు.

ఆయన పోయాక పలకరింపుకి వెళ్ళిన రోజు వాళ్ళావిడ అసలు సంగతి చెప్పారు. "అప్పటికే డాక్టర్లు లాభం లేదనేశారమ్మా. నీకు తెలిస్తే క్లాసు మానేసి తన చుట్టూ తిరుగుతావని, చెప్పొద్దన్నారు."

ప్రేమేనండీ, నాకు తెలియక కాదు. నేను తినే అన్నం ఆయన నేర్పిన చదువుదే. అయినా మోసం మోసమే. లేని రోజును ఒప్పుకోవద్దన్న మనిషే తన దగ్గర లేని రోజును నాకిచ్చారు. మాస్టారిచ్చిన తేదీని విడదీసి చూడాలని ఏ శిష్యురాలికి తోస్తుంది? "రాలేనమ్మా" అని ఒక్కమాట అని ఉంటే రోజూ వెళ్ళి ఆయన పక్కన కూర్చునేదాన్ని. ఆ కాస్తా నాకు దక్కనివ్వలేదు.

ఆ రోజు రానే వచ్చింది. పిల్లలు వచ్చి కూర్చున్నారు. బోర్డు పక్కన ఆయనకని వేసిన కుర్చీ చూసి ఒక అమ్మాయి అడిగింది: "మేడమ్, ఇంకా ఎవరైనా రావాలాండీ?"

"వస్తానన్నారమ్మా" అన్నాను.

తెల్లటి బోర్డు ముందు నిలబడ్డాను. చేతిలో మార్కరు. మూత ఇంకా బిగిసే ఉంది.